గీత నడుమనే ఉండాలి

దిగిన ముప్పై నాలుగో ఏడు. తరగతి రోజు 1
పాఠం: కాగితానికి నోరు లేదు

ఏ రోజు ఏ పాఠం చెప్పానో పుస్తకంలో రాసిపెట్టమని కమిటీ ఆజ్ఞ. నాకు అరవై రెండు నిండాయి. రేపోమాపో నేను పోతే నా తర్వాత వచ్చేవాడికి దారి తెలియాలట. పోయేవాడి మీద ఎంత ప్రేమో! సరే, రాస్తాను. నా పేరు భూమయ్య. ఇరవై ఆరేళ్లుగా పలకల బడిలో పంతులును.

ఈ ఏడు ఐదుగురు పిల్లలు చేరారు. మొదటి గంటలో ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. మనవాళ్లు పైన ఎండకు తాళలేక ఈ పాత బొగ్గు గనిలోకి దిగినప్పుడు చెప్పే పెట్టెలు ఉండేవి. పంపు ఎలా తిప్పాలి, గాలి జాలీ ఎప్పుడు కడగాలి, అన్నీ అవే నోటితో చెప్పేవి. ఎనిమిదో ఏట అవి ఒకదాని వెంట ఒకటి మూగబోయాయి. అప్పటినుంచి ఊరు ఊరంతా గోడకు వేలాడే కాగితాలను నమ్ముకుని బతుకుతోంది. వాటినే పలకలంటాం. అక్షరం పెద్దదైతే ఏమవుతుంది, బొమ్మ ఎడమన ఉంటే కన్ను ఎటు పోతుంది, ఏ మాటకు మనిషి నమ్ముతాడు, ఏ మాటకు మొరాయిస్తాడు, ఇదంతా మా చదువు. తప్పు రాస్తే మార్కులు పోవు, మనుషులు పోతారు.

ఆ సంగతి పిల్లలకు పొద్దున్నే తెలిసొచ్చింది. పలక ఏదైనా గోడ ఎక్కాలంటే ముందు తొలి చదువరి చేతికి పోవాలి. ఇది మా ఊరి కట్టు. అందులో ఉన్నది ఉన్నట్టు ఆమె అందరి ముందు చేసి చూపాలి. సొంత తెలివి వాడకూడదు, ప్రశ్న అడగకూడదు, మధ్యలో ఆపకూడదు. పదకొండేళ్లుగా ఆ పని ఓదెమ్మది. అంతకుముందు గల్లీల్లో, అంటే గని సొరంగాల్లో, కప్పు కూలకుండా దన్నులు పెట్టే పని చేసేది. ఎల్లేష్ అనే పిల్లవాడు గాలి జాలీ పలక రాసి ఇచ్చాడు. "జాలీ ఊడదీసి, లోపల చెయ్యి పెట్టి దుమ్ము తుడవాలి" అన్నాడు. ఓదెమ్మ జాలీ ఊడదీసింది. తిరుగుతున్న ఫ్యాన్‌లోకి నిమ్మళంగా చెయ్యి పెట్టబోయింది. నేను మణికట్టు పట్టుకుని లాగాను.

"ఏంది సారు, అడ్డమొస్తవ్? ఫ్యాన్ బందు జెయ్యుమని దీంట్ల లేదు" అంది.

"చెయ్యి పోతదక్కా."

"పోతే రాసినోని పేరు జెప్పుకుంట. నాదేం బోయింది?"

ఎల్లేష్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒక ఏడాదిలో నేను చెప్పగలిగినదానికన్నా ఎక్కువే నేర్చుకున్నాడు.

తర్వాత మంచి పలకకు నమూనాగా నాదే ఒకటి చూపాను. సిగ్గెందుకు? మూడో గల్లీలో కప్పుకూ నేలకూ మధ్య కొలత కడ్డీ ఒకటి నిలబెట్టి ఉంటుంది. ఒక గొట్టంలోకి ఇంకో గొట్టం దూరేలా చేసింది. కప్పు కుంగితే పై గొట్టం కిందిదాంట్లోకి జారుతుంది. ఎన్ని మిల్లీమీటర్లు జారిందో పక్కన అంకె చూపిస్తుంది. దాన్ని చదివే పద్ధతి పన్నెండేళ్ల కిందట నేనే పలకగా రాశాను. కడ్డీతో వచ్చిన పుస్తకంలో పదకొండు వాక్యాలుంటే నేను ఏడే ఉంచాను. చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ. ఖాళీ చోటే పలకకు ఊపిరి అని చెప్పాను. పిల్లలు రాసుకున్నారు.

రోజు 9
పాఠం: ఎరుపు

ఏటా ఈ పాఠం రోజు నాకు అన్నం సయించదు. అయినా చెప్పక తప్పదు.

పన్నెండేళ్ల కిందట రెండో గల్లీలో కప్పు పెళ్లలు కొన్ని రాలాయి. కమిటీ అర్జెంటుగా పలక కావాలంది. నేను నిలువెత్తు కాగితం తీసుకుని, ఎర్రటి గీతను పైకి దూసుకుపోయేట్టు గీసి, కింద "కప్పు దిగుతోంది" అని అరచేయంత అక్షరాలతో రాశాను. తొలి చదువరికి చూపించే తీరిక లేదనుకున్నాను. భోజనశాలలో వేలాడదీసిన పావుగంటకు ఊరంతా పైకి పోయే వాలుదారి మీద పడింది. కప్పు పెళ్లల కింద ఒక్కరూ చావలేదు. వాలుదారిలో తొక్కిడికి పదకొండు మంది చచ్చిపోయారు. అందులో మా సుశీల ఒకతె. నా భార్య. నా పలకే చదివి, నన్ను వెతుక్కుంటూ జనానికి ఎదురు నడిచిందని తర్వాత చెప్పారు.

అప్పటినుంచి ఊళ్లో ఎర్ర రంగు కలపనివ్వను. పలకల పద్ధతి పుస్తకంలో మొదటి సూత్రం నేనే రాశాను: గీత నడుమనే ఉండాలి. నెలనెలా కడ్డీ అంకెలు తీసుకుని భోజనశాల గోడకు కప్పు పలక వేస్తారు. గత పన్నెండు నెలల గీత అందులో ఉంటుంది. కొత్త పలక వేసేటప్పుడల్లా పక్కనున్న కొలత అంకెలను, అంటే ఒక్కో గడికి ఎన్ని మిల్లీమీటర్లో, సర్దాలి. గీత ఎక్కడికి పోయినా అది కాగితం నడుమకే వచ్చేట్టు చూడాలి. చిన్న అక్షరాల్లో అంకెలు ఉండనే ఉంటాయి, అబద్ధమేమీ లేదు. చూసేవాడికి గుండె మాత్రం జారదు. జనం గంజి గిన్నె పట్టుకుని ఒకసారి తల ఎత్తి చూస్తారు, గీత నడుమనే ఉంటుంది, కూర్చుని తాగుతారు.

ఈ సూత్రాన్ని నాకన్నా బాగా పట్టినవాడు తిరుపతి. నేను నూటికి నూరు వేసింది వాడొక్కడికే. ఇప్పుడు ఊరి పలకల అధికారి. ఈ రోజు పిల్లలను చూడటానికి వచ్చాడు. అధికారి అయినా నా ముందు కూర్చోడు.

"సారు జెప్పినట్టు ఇనుండ్రి. పన్నెండేండ్ల సంది ఈ ఊర్ల ఒక్కడు ఉరకలే. అంత సారు పుణ్యమే" అన్నాడు పిల్లలతో.

నాకు కడుపు నిండినట్టయింది. దాచేదేముంది?

రోజు 17
పాఠం: చిన్నవాటిని కలిపి పెద్ద బొమ్మ చేయడం

కొత్త కాగితం లేదు. గోదాంలో పడి ఉన్న పాత పలకల వెనకవైపు మీదే పిల్లలు అభ్యాసాలు చేస్తున్నారు. ఈ రోజు పని తేలికే. ఏవైనా పాత పలకలు పది తీసుకుని, వాటిలోని సంగతిని ఒకే పలక మీదికి తేవాలి.

నలుగురు బాగానే చేశారు. ఐదో అమ్మాయి జమున, పంపుల కాడ పనిచేసే పోశాలు కూతురు, పాత కప్పు పలకలు తీసుకుంది. పది కాదు, దొరికినవన్నీ. సాయంత్రానికి వెళ్లి చూస్తే గది గోడంతా పాడు చేసి పెట్టింది. కాగితానికి కాగితం, దాని మీద ఇంకో కాగితం, వంకరటింకరగా గంజి జిగురుతో అంటించుకుంటూ కప్పుదాకా పోయింది. బల్ల మీద స్టూలు వేసుకుని నిలబడి ఉంది.

"ఒక్క పలక అన్న గదా బిడ్డా. ఇదేంది, బట్టలు ఆరేసినట్టు?"

"కాయితం సరిపోతలేదు సార్. గీత ఆగుతలేదు."

"అంకెలు సర్దుకోవాలె. నడుమకు తెచ్చుకోవాలె. తొమ్మిదో రోజు పాఠంల ఏం జెప్పిన?"

"అన్నిటికి ఒక్కటే కొలత పెట్టిన సార్. లేకుంటే ఒకదాని పక్కన ఇంకోటి ఎట్ల కలుస్తయ్?"

చుట్టూ ఖాళీ లేదు, అంచుల్లేవు, గీత కాగితం దాటి పోయింది. సున్నా వేశాను. పెద్దగానే వేశాను, నలుగురికీ కనిపించేట్టు. అమ్మాయి ఏడవలేదు. గోడవైపు తిరిగి ఆ గీతను చూస్తూ నిలబడింది.

రోజు 18
పాఠం: చెప్పలేదు

పిల్లల్ని పంపేసి భోజనశాలకు పోయాను. పదేళ్లలో మొదటిసారి కప్పు పలక పక్కనున్న చిన్న అంకెలు చదివాను. గీతను చూడటమే గాని అంకెలు చదవడం నేనూ మానేశాను. చదవకుండా ఉండటానికే వాటిని అంత చిన్నగా పెట్టించింది నేనే కదా.

జమున తప్పు చేయలేదు. కడ్డీ పెట్టిన మొదట్లో కప్పు నెలకు ఒక మిల్లీమీటరు కుంగింది. నాలుగేళ్ల తర్వాత రెండు. పోయిన ఏడాది ఎనిమిది. పోయిన నెల ఇరవై ఆరు. మొత్తం మూడు వందల డెబ్బై ఒకటి. ప్రతి నెలా కొత్త కాగితం, ప్రతి నెలా కొత్త అంకెలు, గీత మాత్రం నడుమనే.

ఓదెమ్మను, జమునను వెంటబెట్టుకుని మూడో గల్లీకి పోయాను. ఓదెమ్మ తన పాత ఇనుప కడ్డీతో కప్పును నాలుగు చోట్ల తట్టింది, చెవి ఒగ్గి విన్నది. నేనేమీ అడగకముందే కడ్డీ దించేసింది.

"గట్టి కప్పు గల్లుమంటది సారు. ఇది కాలీ కుండ లెక్క పలుకుతాంది. పైన పొర ఇడిసింది."

"ఎన్ని దినాలు?"

"గది నాకేం ఎరుక? నెలలైతే గావు."

మూడో గల్లీ కప్పు కింద ఎనిమిది వందల నలభై మంది పడుకుంటారు. ఊరంటే ఆ గల్లీయే.

రోజు 20
పాఠం: ఎదుటివాడిని ఒప్పించడం (నేను తప్పాను)

జమున కాగితాలను చుట్ట చుట్టుకుని తిరుపతి గదికి పోయాను. నేల మీద పరిచాను. వాడు మోకాళ్ల మీద కూర్చుని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు.

"నెలకొక్కటి గీసిన సార్. అన్ని ఒక్కతాన ఎన్నడు పెట్టలే. పెట్టాలని గూడ తోచలే."

"నేను నేర్పలేదురా, నీకెట్ల తోస్తది?"

"ఇప్పుడిది గోడకేస్తే ఏమైతది?" అని లేచి నిలబడ్డాడు. "మల్ల వాలుదారి మీద పడతరు. ఎనిమిది వందల మంది. సుశీలమ్మ ఎట్ల పోయిందో మీరు మర్సిన్రేమో గని నేను మర్వలే. ఆమెను మోసుకొచ్చిన నలుగుట్ల నేనొకణ్ణి సార్."

నా పాఠాన్ని నాకే అప్పజెప్పాడు, అక్షరం పొల్లుపోకుండా.

చివరికి ఇద్దరం కమిటీ పెద్ద కౌసల్యమ్మ దగ్గరికి పోయాం. ఆమె రెండు వైపులా విని ఒక మాట అంది: "పలక చేసి తే సారు. ఓదెమ్మ అందరి ముందర చదువుతది. ఒక్కడు ఉరికినా అక్కడనే చింపుత, మల్ల ఆ ముచ్చట ఎత్తొద్దు." అప్పటిదాకా రోజూ కడ్డీ చదవమని తిరుపతికి చెప్పింది.

చూస్తే పరుగెత్తకూడదు. చూస్తే కదలకుండా కూర్చోనూ కూడదు. ఇరవై ఆరేళ్లలో అలాంటి పలక ఒక్కటీ చేయలేదు.

రోజు 23
పాఠం: నడక

రెండు రోజులు నేనూ పిల్లలూ కొట్టుకున్నంత పని చేశాం. గీత చూపిస్తే భయపడతారు. చూపించకపోతే నమ్మరు. మెత్తగా చెప్తే రేపు చూద్దాంలే అంటారు. గట్టిగా చెప్తే ఉరుకుతారు. ముందు నుయ్యి వెనుక గొయ్యి.

దారి జమున చూపించింది. అది కూడా నా మీద కోపంతోనే.

"నా గీత కాయితంల పట్టలేదని సున్నా ఏసిన్రు గద సార్. పట్టకుంటే పట్టకపోనియ్యిండ్రి. గోడ పొడుగు గీస్త."

భోజనశాల నుంచి వాలుదారి మొదటిదాకా నాలుగు వందల అడుగులు. పన్నెండేళ్లంటే నూట నలభై నాలుగు నెలలు. ఆ గోడ పొడుగునా కాగితం అంటించి గీత గీస్తే, చివర ఏముందో తెలియాలంటే దాని వెంట నడిచి తీరాలి. నడిచినవాడు వాలుదారి దగ్గర తేలతాడు, ఎక్కితే పైన గని నోటి దగ్గరున్న షెడ్డు. చదివేవాడు పరుగెత్తలేడు. నిలబడి ఉన్నవాడు చదవలేడు. ఆ అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి, సున్నా సంగతి ఎత్తబోయి ఆగిపోయాను. ముందు పని కానీ అనుకున్నాను.

మధ్యాహ్నం గంజి ఎవరమూ తాగలేదు. ఐదుగురి వాటా, నా వాటా అంతా జిగురు కలిపాం.

రోజు 25
పాఠం: తొలి చదువరి

గీత నల్లది, వేలెడు మందం. భోజనశాల గుమ్మం దగ్గర మోకాలి ఎత్తులో మొదలవుతుంది. వంద అడుగులు పోయినా దాదాపు అక్కడే ఉంటుంది. తర్వాత తొడ దాటుతుంది, రొమ్ముదాకా వస్తుంది. చివరి ముప్పై అడుగుల్లో, అంటే పోయిన ఏడాదిలో, తల దాటి చెయ్యెత్తితే అందేంత పైకి పోతుంది. గుమ్మం దగ్గర మాత్రం మూడు వాక్యాలు రాశాం. "ఇది మన కప్పు కుంగిన లెక్క. పక్కబట్టలు, నీళ్లు, పిల్లలను తీసుకోండి. చూస్తూ ఈ గీత వెంట నడిచి పై షెడ్డుకు చేరండి."

ఊరంతా గోడ వారగా నిలబడింది. కౌసల్యమ్మ చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర ఉంది. ఓదెమ్మ వచ్చి మూడు వాక్యాలు పైకి చదివింది. వెనక్కి తన గదికి పోయి పరుపు చుట్ట నెత్తిన పెట్టుకుని, నీళ్ల డబ్బా చంకన పెట్టుకుని వచ్చింది. ఆమెకు పిల్లలు లేరు. ఒక్క క్షణం ఆగి, పక్కింటి పిల్ల చెయ్యి పట్టుకుంది. గీత మీద వేలు ఆనించి నడక మొదలుపెట్టింది.

జనం ఆమె వేలినే చూశారు. మోకాలు, తొడ, రొమ్ము. చివరికి మునివేళ్ల మీద లేచి చెయ్యి చాచింది. గీత అయిపోయింది. ఎదురుగా వాలుదారి. ఓదెమ్మ ఎక్కడం మొదలుపెట్టింది.

"సాలు ఓదెమ్మా, చదువుడైపాయె. రా" అని కౌసల్యమ్మ పిలిచింది.

ఓదెమ్మ వెనక్కి తిరగలేదు. ఎక్కుతూనే గట్టిగా అంది: "తిరిగి రమ్మని పలకల లేదు."

తన పిల్ల ఓదెమ్మ వెంట పోతోందని పక్కింటావిడ పరుపు చుట్టింది. ఆమె వెనక ఇంకో ఇల్లు. ఎవరూ ఉరకలేదు. గీత మీద వేళ్లు ఆనించుకుంటూ, ఇది ఫలానా ఏడు, అప్పుడు మనోడు పుట్టిండు అని చెప్పుకుంటూ నడిచారు. సాయంత్రానికి ఆరు వందల నలభై మంది పైకి చేరారు. ఒక్కరి మోకాలు కూడా చీరుకోలేదు. రెండు వందల మంది మాత్రం పైన ఎండకు చావడంకన్నా ఇదే నయమని ఉండిపోయారు. వాళ్లకోసం, కడ్డీకోసం తిరుపతి కూడా ఉండిపోయాడు.

వాలుదారి మలుపులో, సుశీల పడిపోయిన చోట, కాసేపు కూర్చుని ఏడ్చాను. సంతోషానికే అనుకుంటాను.

రోజు 29
పాఠం: ఖాళీ చోటు

పై షెడ్డులో నీడలోనే నలభై ఏడు డిగ్రీలు. పసిపిల్లల పెదాలు పగిలిపోయాయి. కిందినుంచి తిరుపతి రోజూ పలక పంపిస్తున్నాడు. ఇరవై ఆరో రోజు నాలుగు వందల పన్నెండు. ఇరవై ఏడున అంతే. ఇరవై ఎనిమిదిన అంతే. గీత పడుకుంది.

జనం ముఖాలు నా వైపు తిరిగాయి. "సల్లటి తాన ఉన్నోళ్లను తెచ్చి ఎండల మాడవెట్టిండు" అన్నాడు ఒక ముసలాయన, నాకు వినబడాలనే. ఈ పొద్దున ముప్పై మంది పరుపులు చుట్టుకుని దిగిపోయారు. నేను ఆపలేదు. కప్పు ఆగిందని నేనూ నమ్మాను. ఒకావిడకు బిందె ఎత్తి చంకన పెట్టింది నేనే.

జమున మూడు పలకలు పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది.

"రోజుకు నాలుగు లెక్కన కుంగింది సార్. అసొంటిది ఒక్కపారి ఎట్ల ఆగుతది? తగ్గుకుంట తగ్గుకుంట ఆగాలె గద. ఇది గోడకు గుద్దుకున్నట్టు ఆగింది."

అప్పుడు గుర్తొచ్చింది. ఎక్కడో అడుగున ఉన్నది ఒక్కసారి పైకి తేలింది. కడ్డీతో వచ్చిన పుస్తకం, పదకొండు వాక్యాలు. నేను తీసేసిన నాలుగింటిలో ఒకటి: ఈ కడ్డీ 412 మిల్లీమీటర్లకు మించి మూసుకోదు. అంకె అక్కడ నిలిచిపోతే కప్పు ఆగిందని అనుకోవద్దు.

అది పెడితే కింద ఖాళీ రెండు వేళ్లకు తగ్గుతోందని తీసేశాను.

వాలుదారి పైన మాటల గొట్టం ఉంది. దాని రెండో కొస మూడో గల్లీలో కడ్డీ పక్కనే. ఈ వయసులో నేను అంత జోరుగా ఉరకగలనని నాకు తెలియదు.

"తిరుపతీ!"

"ఆఁ సార్, ఈడనే ఉన్న. ఇయ్యాల గూడ నాలుగు వందల పన్నెండే. గీత కదుల్తలేదు."

"ఆ కడ్డీ అంతకు మించి మూసుకోదురా. గొట్టంల గొట్టం మొత్తం దూరింది. కింద సూడు, కడ్డీ అడుగు నేలల దిగిందా?"

వాడు వంగి మట్టి తడిమిన చప్పుడు వచ్చింది.

"జానెడు దిగింది సార్. ఆ ముచ్చట పలక మీద లేదు గద?"

"లేదు. నేనే తీసేసిన."

తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. వాడు పలకల అధికారి గొంతుతోనే, తరగతిలో సందేహం అడిగినట్టే అడిగాడు.

"ఈడ రెండు వందల ముప్పై మంది ఉన్నరు సార్. ఏం రాయాలె? ఉరకకుంట వచ్చేటట్టు ఎట్ల రాయాలె?"

"రాయకురా. ఒర్రు. ఉరకమని ఒర్రు!"

గొట్టానికి చెవి పెట్టి విన్నాను. ఎప్పుడూ గొంతెత్తని పిల్లవాడు. మొదటి అరుపు సరిగ్గా రాలేదు, రెండోది వచ్చింది. "లెవుండ్రి! ఉరుకుండ్రి! అన్ని ఇడిసి ఉరుకుండ్రి!" తర్వాత కాళ్ల చప్పుడు, బిందెలు దొర్లిన చప్పుడు, పిల్లల ఏడుపు. వాడి గొంతు దూరం పోతూ, గల్లీ ఆ చివర గదుల్లో మళ్లీ వినబడింది. వాలుదారి నోట్లోంచి ఒకరి మీద ఒకరు పడుతూ జనం బయటికి వచ్చారు. కొందరికి చేతులు విరిగాయి. వచ్చినవాళ్లను ఎల్లేష్ లెక్కపెట్టాడు. నూట తొంభై తొమ్మిది.

తర్వాత వాలుదారిలోంచి గాలి వచ్చింది. బొగ్గు దుమ్ముతో, నిలబడ్డవాళ్లను వెనక్కి నెట్టేంత బలంగా. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. గొట్టంలో మాట ఆగిపోయింది.

లోపల తిరుపతితో కలిపి ముప్పై ఇద్దరు.

రోజు 34
పాఠం: తప్పులు దిద్దడం

నాలుగు రోజులు ఈ పుస్తకం ముట్టలేదు. ఈ రోజు జమునకు ఇచ్చేద్దామని తీశాను. ఇచ్చేముందు కడ్డీ పలకను మొదటినుంచీ రాశాను. కడ్డీ లేదు, గల్లీ లేదు, అయినా రాశాను. పదకొండు వాక్యాలూ పెట్టాను. కాగితం మీద ఈగ వాలేందుకు కూడా చోటు లేదు. చూడటానికి దరిద్రంగా ఉంది. ఓదెమ్మకు ఇస్తే చివరిదాకా చదివి, "ఇది జెయ్యనీకి ఆడ ఏమున్నది సారు ఇప్పుడు?" అని కాగితం మడిచి తన దగ్గరే పెట్టుకుంది.

నీళ్లకోసం షెడ్డు తలుపు దగ్గరికి పోయాను. అక్కడ కొత్త పలక ఒకటి వేలాడుతోంది. శుభ్రమైన అక్షరాలు, చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ, సన్నటి నల్ల గీత. షెడ్డులో రోజువారీ వేడి లెక్క. జనం నీళ్ల చెంబులు పట్టుకుని వచ్చి, తల ఎత్తి ఒకసారి చూసి, నిమ్మళంగా పోతున్నారు.

గీత సరిగ్గా నడుమ ఉంది.

"ఎవరు గీసిన్రు ఇది?" అన్నాను.

ఎల్లేష్ ముందుకు వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "నేనే సార్. జనం బెదురుతున్నరని కమిటీ గియ్యమన్నది. మీరు తొమ్మిదో రోజు జెప్పినట్టే గీసిన. మంచిగున్నదా?"

చాలా బాగుంది. తిరుపతి తర్వాత అంత బాగా గీసినవాడు లేడు.

పక్కనున్న చిన్న అంకెలు చదవడానికి కళ్లజోడు తుడుచుకున్నాను. చదివాను. వేడి నలభై ఏడు దాటి రోజూ ఎక్కుతూనే ఉంది. జమునను పిలిచి జిగురు కలపమన్నాను.